కనిపించని అక్షరము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో గ్రంథముల మహిమను గూర్చి చెప్పుట ఆచారము. అది తగిన పనియే. అయితే ఈనాడు జల్‌పల్లిలో తెల్లవారగానే చదువరి కంటబడు మొదటి అక్షరము పుస్తకములోనిది కాదు, చేతి ఫోనులోనిది. కూలి డబ్బు బ్యాంకులో పడినదను కబురు, బడి పిల్లవాని పరీక్షాఫలితము, దూరదేశమునందున్న కుమారుని క్షేమసమాచారము, అన్నియు ఆ చిన్న అద్దము మీదనే అక్షరములై వచ్చుచున్నవి. అక్షరమున్న చోట గ్రంథాలయమునకు బాధ్యత కలదు. కావున ఆ అక్షరము ఫోనులో ఎట్లు పుట్టును, ఎందుకు చెడును, చెడినప్పుడు చేయవలసినదేమి అనునది ఈ సభలో ప్రస్తావించుట అనుచితము కాదు.

ఒక ఉదాహరణముతో ఆరంభించుట మేలు. ఇట్టిది ఏ వాడలోనైనను జరుగవచ్చును. ఒక తల్లి కుమారుడు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశమునకు పోయినాడు. ఆమె చేతనున్నది పన్నెండేండ్ల నాటి మీటల ఫోను. కుమారుడు ఒకనాడు ముచ్చటపడి తెలుగు అక్షరములలో సందేశము పంపినాడు. తల్లి దానిని తెరచి చూడగా వరుసగా చిన్న చిన్న గడులు తప్ప మరేమియు లేవు. ఆమె చిన్ననాడు నాలుగు తరగతులు చదివినది; పత్రికలోని పెద్ద అక్షరములను కూడబలుకుకొని చదువగలదు. అందుచేత లోపము తన చదువులోనిదే అని తలచినది. గ్రంథాలయపు మెట్లెక్కి అక్కడ పత్రిక చదువుకొనుచున్న యువకుని పిలిచి, “మా పోరడు ఏం రాసిండో జర సదివి చెప్పు బిడ్డా. నాకైతే ఒక్క అచ్చరం గుర్తు వడ్తలేదు” అన్నది.

యువకుడు ఫోనును అటునిటు త్రిప్పి చూచి, “అవ్వా, ఇండ్ల నీ తప్పు లేదు, నీ కొడుకు తప్పు లేదు. ఈ ఫోనుకే తెలుగు రాదు” అన్నాడు. అని ఊరకుండక, ఆ సందేశమును తన ఫోనునకు పంపుకొన్నాడు. అవ్వ ఫోనులో గడులుగా నున్నదే అతని ఫోనులో చక్కని తెలుగై నిలిచినది. “అమ్మా, పైసలు పంపిన. బీపీ గోలీలు మరువకు.” ఇంతే ఆ సందేశము.

ఈ చిన్న సంగతిలో గమనింపవలసినవి రెండు కలవు. మొదటిది, అక్షరములు దారిలో పోలేదు. అవి అవ్వ ఫోనులోనే భద్రముగా నున్నవి. రూపము ధరించుటకు మాత్రము వాటికి వీలు కలుగలేదు. రెండవది, యంత్రము చేసిన లోపమును ఆ తల్లి తన లోపముగా తలచినది. మొదటిదానికి విరుగుడు సులభముగా దొరకును. రెండవది అంతకంటె పెద్ద వ్యాధి. ఈ ఉపన్యాసము ముఖ్యముగా దానిని ఉద్దేశించినది.

యంత్రమునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది అంకె యొక్కటే. ఫోనులు, కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడవలెనన్న, ఏ అక్షరమునకు ఏ అంకె అను ఒప్పందము లోకమంతటికి ఒకటే ఉండవలెను. అట్టి ఒప్పందమునకు యూనికోడు అని పేరు. అది 1991లో మొదట ప్రకటింపబడినప్పుడే తెలుగు లిపికి అందు చోటు లభించెను. 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు తెలుగునకు కేటాయింపబడినవి. అందు ‘అ’ 3077వది, ‘క’ 3093వది, ‘జ’ 3100వది. హల్లు మీది పొల్లునకు కూడ 3149 అను అంకె కలదు.

గ్రంథాలయమునకు వచ్చువారికి ఇది తెలియని పద్ధతి కాదు. ప్రతి పుస్తకమునకు వరుససంఖ్య ఉండును. చదువరి ఆ సంఖ్య చెప్పగా గ్రంథపాలకుడు బీరువా తెరచి పుస్తకము తీసి యిచ్చును. ఫోనులోని సందేశము కూడ అట్టిదే. దానితో అక్షరముల బొమ్మలు రావు. అంకెలు మాత్రమే వచ్చును. ఆ అంకెలకు తగిన బొమ్మలు అందుకొన్న ఫోనులోని బీరువాలో ఉండవలెను. ఆ బీరువాకే ఫాంటు అని పేరు. బొమ్మ ఉన్న తీసి చూపును. లేకున్న ఖాళీ గడి చూపును. అవ్వ చూచిన గడులు ఇట్టి ఖాళీ అరలు.

తెలుగునకు ఈ బీరువా యొక్కటియే చాలదు. ఒత్తులను, గుణింతములను కూర్చు నియమములు కూడ యంత్రమునకు తెలియవలెను. ‘శ్రీ’ అను నొక్క అక్షరములో యంత్రము లెక్కలో నాలుగున్నవి: శకారము, పొల్లు, రేఫము, ఈత్వము. కూర్పు తెలిసిన యంత్రము వాటిని కలిపి శ్రీకారము చుట్టును. తెలియని యంత్రము పొల్లునొక చోట, ఈత్వమునొక చోట వేరుచేసి చూపును. హల్లు లేక గుణింతపు గుర్తు ఒంటరిగా మిగిలినప్పుడు దాని క్రింద చుక్కలతో గీసిన సున్న కనబడును. “ఇచటొక హల్లు ఉండవలెను, అది లేదు” అని యంత్రము చెప్పు మాట అది. వ్రాసినవారు గుణింతపు గుర్తును ముందు, హల్లును తరువాత నొక్కినప్పుడు సాధారణముగా ఇది కలుగును. గుర్తును తుడిచి హల్లు మొదట వ్రాసిన సరిపోవును.

ఈ సౌకర్యములు ఒక్క దినమున వచ్చినవి కావు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు కంప్యూటర్లలోనికి వచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమనల పేర్లతో ఫాంటులు రూపొందించి తెలుగువారికి అందించిరి. చేతి ఫోనులలో విశేషవ్యాప్తి గల ఆండ్రాయిడు 2012లో వచ్చిన 4.1వ కూర్పుతో తెలుగు, కన్నడ, మలయాళ లిపులను చూపసాగెను. 2016లో భారత ప్రభుత్వము, దేశమున అమ్ము ప్రతి చేతి ఫోనును భారతీయ భాషలను చూపగలదిగా ఉండవలెనని నిర్దేశించెను. కావున గడులు కనబడు ఫోను పాతదై యుండుట తరచు. తెర మీద వ్రేలితో నడుచు ఫోనైనచో అమరికలలోనికి పోయి, దాని వ్యవస్థను క్రొత్త కూర్పునకు మార్చిన చాలవరకు బాగగును. పాత మీటల ఫోనునకు ఫాంటు చేర్చుట సాధ్యము కాదు. అట్టివారు ఆ యువకుడు చేసినట్లు సందేశమును మరొక ఫోనునకు పంపి చదివించుకొనవచ్చును. క్రొత్త ఫోను కొనునప్పుడు దుకాణములోనే ఒక తెలుగు సందేశము తెప్పించి చూచుకొని కొనుట ఉత్తమము.

గడుల చిక్కు ఇది. పిచ్చిగీతల చిక్కు వేరు. ఇరువదియేండ్ల క్రిందట అచ్చాఫీసులో కూర్చిన పెండ్లిపత్రికయో, సంఘపు నివేదికయో నేడు మరొక కంప్యూటరులో తెరచి చూచినచో తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములు, కామాలు, ప్రశ్నార్థకములు కలగాపులగముగా కనబడుట పలువురికి అనుభవమే. కాగితము మీద చక్కగా అచ్చయినది తెర మీద ఇట్లేల అయ్యెను? యూనికోడు వాడుక ప్రబలక ముందు అచ్చుపనికై అను, శ్రీలిపి మొదలైన కూర్పులు వాడుకలో నుండెను. అచ్చాఫీసులలో నేటికిని వాటి వాడుక కలదు. అట్టి పాత ఫాంటులలో ఇంగ్లీషు అక్షరముల అంకెల క్రిందనే తెలుగు బొమ్మలను అమర్చిరి. మరల గ్రంథాలయపు మాటలోనే చెప్పవలెనన్న, ఇంగ్లీషు పుస్తకముల వరుససంఖ్యలను తెలుగు పుస్తకములకు అంటించుట వంటిది ఇది. ఆ గ్రంథాలయమున పని జరిగిపోవును. పొరుగూరి గ్రంథాలయమునకు పోయి అదే సంఖ్య చెప్పిన ఇంగ్లీషు పుస్తకమే చేతికి వచ్చును.

ఆనాటివారిని తప్పు పట్టుటకు వీలులేదు. తెలుగును చూపు వేరు సాధనము లేని కాలమున వారు పని జరిపిరి. వారి కూర్పుల వలననే వేలకొలది పుస్తకములు అచ్చయినవి. కాని ఆ పుస్తకముల కంప్యూటరు ప్రతులు ఆ ఫాంటు లేని చోట మూగవి. వాటిని యూనికోడునకు మార్చు సాధనములు కలవు. ఈ మార్గమున ముందుగా కృషిచేసినవారిలో వెన్న నాగార్జునగారు స్మరణీయులు. వారు ‘పద్మ’ అను పరివర్తకమును నిర్మించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమగుటకును వారే కారకులు. పాత ఫైలు చేతికి వచ్చినవారు చేయవలసిన పని ఇట్లు: అది ఏ ఫాంటులో కూర్చినదో అచ్చాఫీసు వారినడిగి తెలిసికొనవలెను, తగిన పరివర్తకమున వేసి యూనికోడుగా మార్చవలెను, పిమ్మట అచ్చుప్రతిని ప్రక్కన పెట్టుకొని పంక్తి పంక్తికి సరిచూడవలెను. మార్పునందు ఒత్తులు జారుట సహజము. సరిచూడని మార్పు సగము పనియే.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనబడు చిక్కులు. కంటికి కనబడని చిక్కొకటి కలదు. దానికి ఉదాహరణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. జల్‌పల్లి అను పేరులోనే అది యున్నది.

ఈ పేరును చదువునపుడు లకారము మీద పొల్లు నిలిచి, పకారము దాని ప్రక్కన వేరుగా నిలువవలెను. కాని తెలుగు కూర్పు నియమము ప్రకారము లకార పొల్లు తరువాత పకారము వచ్చిన యంత్రము దానిని ఒత్తుగా మార్చి ‘జల్పల్లి’ అని చూపును. అట్లు కలియకుండుటకు రెండింటి నడుమ నొక గుర్తు ఉంచవలెను. దానికి రూపము లేదు, వెడల్పు లేదు, ఉచ్చారణ లేదు. “ఇచట కలుపవలదు” అని యంత్రమునకు చెప్పుటయే దాని పని. దాని అంకె 8204. చదువరి కంటికి జల్‌పల్లి నాలుగక్షరములు. యంత్రము లెక్కలో తొమ్మిది: 3100, 3122, 3149, 8204, 3114, 3122, 3149, 3122, 3135. నడుమనున్న 8204వదియే ఆ కనిపించని అక్షరము.

ఈ గుర్తు తెలుగు కొరకే పుట్టినది కాదు. కుడినుండి ఎడమకు నడచు ఫారసీ వ్రాతలో అక్షరములు ఒకదానినొకటి పట్టుకొని నడచును. ఒక్కొక్క మాటలో వాటిని విడదీయవలసి వచ్చును. అచటను ఈ గుర్తే విరివిగా వాడబడుచున్నది. ఒకప్పుడు గోలకొండ దర్బారులో ఫారసీ వ్రాయసగాండ్రును, తెలుగు కరణములును ఒకే రాజ్యపు లెక్కలు వ్రాసిరి. నేడు ఆ రెండు లిపులును ఒకే కనిపించని గుర్తును పంచుకొనుచున్నవి. తెలుగు, ఉరుదూ బోర్డులు ప్రక్కప్రక్కన వ్రేలాడు ఈ పాతబస్తీ పరిసరములవారికి ఈ బంధుత్వము వింతగా తోచదు.

గుర్తు కనబడదు గావున దానివలన కలుగు చిక్కును కనబడదు. ఒకరు పేరును ఆ గుర్తుతో వ్రాయుదురు. మరొకరు గుర్తు లేక వ్రాయుదురు. మనుష్యుడు రెండింటిని ఒకే ఊరుగా గ్రహించును. యంత్రమునకు మాత్రము అవి రెండు వేరు పేర్లు కావచ్చును. ఫోనులో దాచుకొన్న పేర్లలోగాని, పుస్తకముల పట్టికలోగాని వెదకినప్పుడు “దొరకలేదు” అను జవాబు వచ్చుటకు ఇదియొక కారణము. ‘హైదరాబాద్‌లో’ వంటి మాటలకును ఇదే గతి. సున్న విషయమున మరియొక మోసము కలదు. మాటలలో వ్రాయు పూర్ణబిందువు అంకె 3074. తెలుగు అంకెలలోని సున్న 3174. కంటికి రెండును ఇంచుమించు ఒక్కటే. యంత్రమునకు నూరు స్థానముల దూరము. ఒకదాని చోట మరొకటి పడిన మాట చూచుటకు సరిగానే యుండును; వెదకిన మాత్రము చిక్కదు. కావున వెదకువారు పేరును రెండు విధములుగా వ్రాసి చూడవలెను. పేరు పూర్తిగా వ్రాయక ‘పల్లి’ వంటి ఒక ముక్కతో వెదకుటయు మంచి ఉపాయమే. పట్టిక వ్రాయువారు ఏదో యొక పద్ధతిని నిశ్చయించుకొని మొదటినుండి చివరివరకు దానినే పాటింపవలెను.

ఈ కనిపించని గుర్తు ఒకమారు ప్రపంచమంతట వార్తకెక్కెను. అది 2018 ఫిబ్రవరి నెల. జకారము, పొల్లు, ఞకారము, ఈ కనిపించని గుర్తు, ఆ పిమ్మట దీర్ఘము: ఈ అయిదింటిని వరుసగా కూర్చిన సందేశము వచ్చినచో యాపిల్ సంస్థవారి ఐఫోనులలో దానిని చూపబోయిన సాధనము తటాలున మూతబడసాగెను. ఆ కూర్పు ప్రకటనగా పైకి వచ్చినప్పుడు ఫోనే మాటిమాటికి ఆగి మరల మొదలగు స్థితి కూడ కలిగెను. కొందరు కొంటెవారు దానిని కావలెనని ఇతరులకు పంపి వినోదించిరి. “ఒక తెలుగు అక్షరము ఐఫోనును కూల్చుచున్నది” అని దేశదేశముల పత్రికలు వ్రాసినవి. తెలుగు ఎరుగనివారికి తెలుగు పేరు తెలియుటకు అదియొక విచిత్రమైన కారణమయ్యెను.

తప్పు అక్షరముదా? కానే కాదు. జ్ఞానము అను మాటను తెలుగువారు శతాబ్దములుగా వ్రాయుచున్నారు. తాళపత్రము చినుగలేదు, అచ్చుయంత్రము విరుగలేదు. ఫోనులలోను మామూలుగా వ్రాసిన జ్ఞానమునకు ఆటంకము లేకుండెను. కనిపించని గుర్తు నడుమ చేరినప్పుడు అక్షరములను ఎట్లు పేర్చవలెనో లెక్కించు సూత్రములో లోపముండెను. పరిశీలించినవారికి బెంగాలీ లిపిలోను అట్టి కూర్పులు దొరకినవి. ఫిబ్రవరి 19వ తేదీన వెలువడిన 11.2.6వ కూర్పుతో ఆ సంస్థ లోపమును సవరించెను. తెలుగువారు తమ వర్ణమాలనుండి ఏ అక్షరమును తీసివేయవలసిన పని లేకపోయెను. యంత్రమే అక్షరమునకు అనుగుణముగా దిద్దుకొనవలసి వచ్చెను. ఈ ఉదంతములోని నీతి ఇదియే. అవ్వ ఫోనులోని గడులకును, ఖండాంతరములలో కూలిన ఫోనులకును కారణము వేరువేరు కావచ్చును. రెండు చోట్లను నేరము అక్షరము మీదను, చదువరి మీదను మోపుట అన్యాయము.

ఇక సందేశముల సంగతి. తెలుగున వ్రాసిన సందేశము ఇంగ్లీషు దానికంటె త్వరగా నిండిపోవుననియు, ఒకటికి రెండుగా చీలి రెండింతలు ఖర్చగుననియు పలువురు విసుగుకొనుట కలదు. దీనికి కారణము గణితములో నున్నది. మామూలు సందేశమున 140 బైట్ల స్థలము మాత్రమే కలదు. ఇంగ్లీషు అక్షరములను బిగించి కూర్చు పద్ధతిలో అందు 160 ఇముడును. తెలుగు అక్షరమున కొక్కొక్కదానికి రెండేసి బైట్లు కావలెను గావున 70 మాత్రమే ఇముడును. అందులోను ఒత్తులు, గుణింతములు వేరువేరుగా లెక్కకు వచ్చును. జల్‌పల్లి అను పేరు ఒక్కటియే 70లో తొమ్మిదింటిని హరించును. మాట కుదించి వ్రాయుట యొక విరుగుడు. ఇంటర్నెట్టు ద్వారా పోవు వాట్సాప్ వంటి సందేశములకు ఈ 70 కట్టుబాటు లేదు. వాటిని వాడుట రెండవ విరుగుడు. తెలుగును విడిచి ఇంగ్లీషు అక్షరములలో తెలుగు వ్రాయుట మాత్రము విరుగుడు కాదు. అట్టి వ్రాతలో ‘కల’ యు, ‘కళ’ యు ఒక్కటే యగును. కుమారుడు తన కలను గూర్చి వ్రాసెనో, కళను గూర్చి వ్రాసెనో తల్లి ఊహింపవలసి వచ్చును. ఇంగ్లీషు అక్షరములు రాని తల్లికి ఆ ఊహయు దక్కదు.

“వ్రాయుట కష్టము, అందుచేతనే విడిచితిమి” అని యువకులు చెప్పుదురు. ఆ కష్టమును నేడు చాలవరకు తీరినది. ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికలో అచ్చులు, గుణింతములు ఎడమచేతి వైపును, హల్లులు కుడిచేతి వైపును ఉండును. భారతీయ భాషలలో చాలవాటికి ఇది ఒకే పద్ధతిగా రూపొందినది. తెలుగున నేర్చినవానికి హిందీ వ్రాయుట కూడ చేతికి వచ్చును. ఇంగ్లీషు మీటలకు అలవాటుపడినవారు ధ్వనిని బట్టి వ్రాయగా తెలుగుగా మార్చు సాధనములు కలవు. వీవెన్‌గారు నిర్మించిన ‘లేఖిని’ అట్టి వాటిలో ప్రసిద్ధమైనది. మీటలే నొక్కలేని వృద్ధులు ఫోనులోని మైకు గుర్తును తాకి నోటితో చెప్పిన చాలును, అది వ్రాసికొనును. తప్పులు దొరలును, పంపుటకు ముందు ఒకమారు చదువుకొనవలెను. వ్రేలితో తెర మీద అక్షరము దిద్దిన గ్రహించు పద్ధతియు కలదు. పలక మీద ఓనమాలు దిద్దిన చేతికి అది క్రొత్త కాదు.

అక్షరములకు సంబంధింపని చిక్కులను గూర్చియు ఒక మాట. ఫోను నెమ్మదించినది, చిత్రములు తీయుట లేదు, క్రొత్త కూర్పు ఎక్కుట లేదు అన్నచో తరచు కారణము స్థలము నిండుటయే. ఉదయము శుభోదయములు, రాత్రి శుభరాత్రులు, పండుగకు వందల బొమ్మలు ఫోనులో చేరి కూర్చుండును. వాటిని నెలకొకమారు తుడిచిన సగము రోగము పోవును. ముఖ్యమైన ఛాయాచిత్రములను మరొక చోట దాచి యుంచవలెను. ఏ చిక్కునకైనను మొదట ఫోనును ఆర్పి మరల వెలిగించి చూచుట తప్పు కాదు. రహస్యపదమును మరచువారు దానిని ఇంటిలో పెట్టెయందుంచు పుస్తకమున వ్రాసికొనవచ్చును; ఫోను వెనుక చీటీగా అంటింపరాదు. ఫోను బాగుచేయుదునని, బ్యాంకు ఖాతా నిలిచిపోవునని ఎవరు పిలిచి అడిగినను ఓటీపీ అంకెలను చెప్పరాదు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను నంబరునకు పిలిచి తెలుపవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము నిలుపుటకు అంత అవకాశముండును. ఇచటను అడ్డుపడునది సిగ్గే.

ఆ సిగ్గు ఈ నగరమునకు క్రొత్త కాదు. 1921లో హైదరాబాదున వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సభలో ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగున మాటలాడ లేచినప్పుడు కొందరు హేళన చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. దానికి ఇరువదియేండ్లు ముందుగా, 1901లో, కొమర్రాజు వేంకటలక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించి యుండిరి. తెలుగు చదువరికి చదువుకొను చోటు కల్పించుట వారి ఉద్దేశము. నేడు సభలో తెలుగు మాటలాడినవానిని హేళన చేయువారు లేరు. అయితే తెర మీది ఒక ఖాళీ గడి ఏ మాటయు పలుకకయే ఒక తల్లిచేత “నాకు చదువు రాదు” అనిపించగలుగుచున్నది. ఆనాటి గ్రంథాలయములు దేనికై పుట్టినవో ఆ పని నేటికిని మిగిలియున్నది.

గ్రంథాలయము చేయదగిన పనులు పెద్దవి కావు. వారమునకొక సాయంకాలము రెండు గంటలు ఒక బల్ల వేసి, ఫోను చిక్కులతో వచ్చువారికి పిల్లలు సహాయపడునట్లు ఏర్పాటు చేయవచ్చును. సహాయపడువారు ఫోనును లాగుకొని తామే సరిచేసి యిచ్చుట తగదు. ఫోను పెద్దల చేతిలోనే యుంచి, కారణము చెప్పి, వారి వ్రేలితోనే చేయింపవలెను. అట్లు చేసిన మరుసటి వారము ఆ పెద్దలే మరొకరికి నేర్పుదురు. గ్రంథాలయపు పుస్తకముల పట్టికను యూనికోడులో వ్రాసి యుంచవలెను. వాడలోని వృద్ధుల జ్ఞాపకములు, సంఘముల నివేదికలు, పాత అచ్చాఫీసు ఫైళ్ళు ఎవరి యింటనైన నున్నచో వాటిని మార్చి, సరిచూచి భద్రపరుపవలెను. కాగితమునకు చెద పట్టిన కంటికి కనబడును. ఫైలునకు పట్టిన చెద తెరచి చూచునంతవరకు తెలియదు.

ఈ రజతోత్సవ సంచిక విషయమునను ఆ జాగ్రత్త అవసరము. దీనిని ఏ ఫాంటులో అచ్చువేసినను, యూనికోడులో నొక ప్రతిని తప్పక ఉంచవలెను. మరియొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. అప్పటి పిల్లలు ఈ సంచికను తెరచినప్పుడు వారికి పిచ్చిగీతలు కనబడరాదు. జల్‌పల్లి అని వెదకినవారికి జల్‌పల్లి దొరకవలెను.

ఆ తల్లి సంగతితోనే ముగించుట యుక్తము. సందేశము విన్న పిమ్మట ఆమె మరల తన పాత ఫోనును తీసి గడులను చూచినది. “గట్లనా! గియ్యన్నీ మావోని మాటలేనా!” అని మురిసినది. గడులు గడులుగానే యున్నవి. ఆమెకు వాటి మీది భయము మాత్రము పోయినది. ఫోను మార్చుటకు పైకము కావలెను, కాలము కావలెను. భయము పోగొట్టుటకు పక్కన కూర్చుండి చెప్పు మనిషి యొకడు చాలును. అట్టి మనిషి దొరకు చోటుగా గ్రంథాలయము వర్ధిల్లుగాక.